టాలీ దీపాల పని చదువుకు తగినదేనా?

ప్రశ్న: మా అమ్మాయి ఎలక్ట్రానిక్స్ డిప్లొమా పూర్తిచేసి, ప్రత్యక్ష ప్రసారాలు చేసే ఒక బృందంలో సహాయకురాలిగా చేరింది. కెమెరాల మీద వెలిగే టాలీ దీపాలకు వైర్లు కలిపే పని అప్పగించారు. చదువుకు తగిన పనేనా? ఇందులో ఎదుగుదల ఉంటుందా?

జవాబు: తగిన పనే. అయితే అమ్మాయి వైర్ల దగ్గరే ఆగిపోకుండా, ఆ దీపం ఎందుకు వెలిగిందో తెలుసుకోవడం అవసరం. ఎర్రదీపం వెలిగితే ఆ కెమెరా దృశ్యం ప్రసారమవుతోందని అర్థం. చాలా వ్యవస్థల్లో ఆకుపచ్చ రంగు ఆ కెమెరా ప్రివ్యూలో, అంటే తర్వాత ప్రసారానికి సిద్ధంగా ఉందని సూచిస్తుంది. దీపం తప్పు చెబితే, తన దృశ్యం బయటికి వెళ్లడం లేదనుకున్న కెమెరామన్ ప్రసారం మధ్యలోనే కెమెరాను పక్కకు తిప్పేస్తారు.

ఏ బటన్ నొక్కితే ఆ కెమెరా దీపం వెలుగుతుందని చాలామంది అనుకుంటారు కానీ, కెమెరా దృశ్యాలను ఎంచి, కలిపి ప్రసారానికి పంపే స్విచర్ చేసే లెక్క అంతకంటే లోతైనది. ఒక దృశ్యం మరొకదానిలోకి కరిగే డిజాల్వ్ సమయంలో రెండు కెమెరాలూ తెరమీద ఉంటాయి కాబట్టి రెండింటికీ ఎర్రదీపం వెలగాలి. ఒక దృశ్యం మీద మరొకదాన్ని అతికించే కీయర్ ద్వారా చిన్న పెట్టెలో చూపిస్తున్న కెమెరాను, ప్రసార దృశ్యాన్ని ఎంచే బటన్లున్న ప్రోగ్రామ్ వరుసలో ఎంచుకోకపోయినా అది ప్రసారంలో ఉన్నట్లే. స్విచర్లో దృశ్యాలను కలిపే ఒక మిక్స్ ఎఫెక్ట్ విభాగంలో కూర్చిన దృశ్యాన్ని మరో విభాగంలోకి తీసుకున్నప్పుడు, స్విచర్ చివరి అవుట్‌పుట్ నుంచి వెనక్కి నడుస్తూ, అందులో కలిసిన ప్రతి ఇన్‌పుట్‌నూ గుర్తించవలసి వస్తుంది.

ఈ సమాచారం కెమెరాకు చేరే దారులు అనేకం. పాత పద్ధతిలో స్విచర్‌లోని రిలే అనే విద్యుత్ స్విచ్ రెండు తీగలను కలుపుతుంది, అంతే. దీపానికి కరెంటు విడిగా ఇవ్వాలి, అది రిలే పరిమితిని మించకూడదు. కొన్ని పరికరాల్లో రిలేకు బదులు ట్రాన్సిస్టర్‌తో పనిచేసే ఓపెన్ కలెక్టర్ అవుట్‌పుట్ ఉంటుంది, అక్కడ ధ్రువాలు తారుమారైతే పని చేయదు. ఇది అచ్చంగా డిప్లొమాలో చదివిన పాఠమే. మానిటర్ల కింది పేర్ల పలకలకు వాడే టీఎస్‌ఎల్ 3.1 పద్ధతిలో 18 బైట్ల సందేశం వెళుతుంది: ఒక బైట్ చిరునామా, మరొకటి 4 టాలీ బిట్లనూ వెలుగు స్థాయినీ మోసే నియంత్రణ, మిగిలిన 16 పేరులోని అక్షరాలు. నెట్‌వర్క్ ద్వారా వీడియో పంపే ఎన్‌డీఐ పద్ధతిలోనైతే దృశ్యాన్ని అందుకునే పరికరమే టాలీని వెనక్కి, కెమెరా వైపు పంపుతుంది.

అసలు చిక్కు స్విచర్‌కు ముందు, ఏ వీడియో ఏ ఇన్‌పుట్‌కు వెళ్లాలో మళ్లించే రూటర్ ఉన్నప్పుడు వస్తుంది. మూడో కెమెరాను ఐదో ఇన్‌పుట్‌కు మళ్లిస్తే స్విచర్‌కు ఐదో ఇన్‌పుట్ మాత్రమే తెలుసు. అక్కడికి ఏ కెమెరా వస్తోందో రూటర్‌ను అడిగి, సరైన దీపాన్ని వెలిగించే టాలీ కంట్రోలర్ వేరుగా ఉండాలి. దీన్ని తప్పు లేకుండా అమర్చగలిగినవారికి మొత్తం సిగ్నల్ మార్గం చేతిలో ఉన్నట్లే. బ్రాడ్‌కాస్ట్ ఇంజనీర్, సిస్టమ్ ఇంటిగ్రేటర్ వంటి ఉద్యోగాలకు నేను చూసే తొలి అర్హత ఇదే.

ఇంట్లో సాధన చేయడానికి ఒక మార్గం చెబుతాను. కంప్యూటర్‌లోనే స్విచర్‌లా పనిచేసే వీమిక్స్ సాఫ్ట్‌వేర్ 8099 నెట్‌వర్క్ పోర్టు ద్వారా టాలీ స్థితిని పంపుతుంది. అందులో ప్రతి ఇన్‌పుట్‌కు 0 అంటే వాడుకలో లేదని, 1 అంటే ప్రసారంలో ఉందని, 2 అంటే ప్రివ్యూలో ఉందని అర్థం. ఆ వరుసను చదివి ఒక ఎల్‌ఈడీని వెలిగించే చిన్న సర్క్యూట్‌ను వైఫై ఉన్న ఈఎస్‌పీ32 మైక్రోకంట్రోలర్ బోర్డుతో తయారుచేయమనండి. నెట్‌వర్కింగ్ ప్రాథమికాలు దానితోనే వంటబడతాయి. ఉద్యోగ ఇంటర్వ్యూలో చూపించడానికి సర్టిఫికెట్ కంటే ఆ దీపమే బలంగా మాట్లాడుతుంది.

రాత్రివేళలూ సెలవు రోజులూ ఈ వృత్తిలో పనిదినాలే అవుతాయన్నది మీరు ముందే తెలుసుకోవాలి. ప్రసారానికి ముందు పరికరాలు అమర్చే సమయంలో ఇంజనీర్ పక్కన నిలబడే అవకాశం అడగమనండి. ఏడాది గడిచినా వైర్లు చుట్టే పని దాటి ఏమీ నేర్పకపోతే, అప్పుడు మరో బృందాన్ని వెతుక్కోవడం మంచిది.