సీజన్ కోసం అప్పు చేస్తే, ఎముక విరిగిన నెల కిస్తీ ఎవరు కడతారు?

ప్రశ్న: నా వయసు 24. అంతర్జాతీయ బీఎంఎక్స్ రేసుల్లో (మలుపులు, దిబ్బలున్న ట్రాక్ మీద చిన్న సైకిళ్ల పందేలు) పాల్గొంటున్నాను. స్పాన్సర్ సైకిల్‌తో పాటు మూడు నెలలకోసారి కొంత డబ్బు ఇస్తారు. పొదుపు ఏమీ లేదు. వచ్చే సీజన్‌లో వరల్డ్ కప్ రౌండ్లన్నీ ఆడాలని పర్సనల్ లోన్, క్రెడిట్ కార్డు తీసుకుందామనుకుంటున్నాను. ర్యాంకు పెరిగితే పెద్ద స్పాన్సర్ దొరుకుతారు, ఏడాదిలో తీర్చేస్తాను. సిప్ (మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా పెట్టుబడి) కూడా మొదలుపెట్టనా?

జవాబు: ఆలూ లేదు, చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం! రాని స్పాన్సర్ డబ్బుతో కిస్తీ కట్టేస్తున్నారు మీరు. ఆటగాళ్ల నుంచి నాకు వచ్చే ఉత్తరాల్లో ఇదే లెక్క మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. అప్పు ఖాయం, ఆదాయం మాత్రం ఆశ.

మీ ఆట సంగతి మీకు నేను చెప్పాలా? స్టార్టింగ్ గేటు పడగానే ఎనిమిది మంది ఒకే మలుపు మీదకు దూసుకెళ్తారు. అంతా 40 సెకన్లలోపే అయిపోతుంది. మీరు ఎంత బాగా తొక్కినా పక్కవాడి చక్రం తగిలితే చాలు. 2016 రియో ఒలింపిక్స్ స్వర్ణ విజేత కానర్ ఫీల్డ్స్ 2021లో టోక్యో సెమీఫైనల్లో పడి, మెదడులో రక్తస్రావంతో ఆసుపత్రి పాలయ్యారు. అంత దాకా ఎందుకు, కాలర్ బోన్ విరిగితే అతుక్కోవడానికే ఆరు నుంచి పన్నెండు వారాలు. ఆ వారాల్లో రేసు ఉండదు, ప్రైజ్ మనీ ఉండదు. స్పాన్సర్ ఒప్పందంలో 'గాయపడితే చెల్లింపు నిలిపివేత' అన్న షరతు ఉందేమో చూశారా? కార్డు బిల్లు మాత్రం తేదీ తప్పకుండా వస్తుంది.

అందుకే ముందు అత్యవసర నిధి. నెల జీతం వచ్చేవాళ్లకు ఆరు నెలల ఖర్చు చాలంటాను. మీకు పన్నెండు నెలలది కావాలి. ఇందులో ఇంటి ఖర్చుతో పాటు ఫిజియోథెరపీ, కోచింగ్ కూడా లెక్కేయండి. స్పాన్సర్ డబ్బు పడిన రోజే మూడో వంతు వేరే ఖాతాలోకి తీసేయండి. విమానం టికెట్ కోసం దాన్ని ముట్టుకోకూడదు. ప్రైజ్ మనీ వస్తే మొత్తం అందులోకే.

నిధి నిండేదాకా రౌండ్లన్నీ వద్దు. పాయింట్లకు బాగా పనికొచ్చేవి, ప్రయాణం తక్కువగా ఉండేవి ఎంచుకోండి. కోచ్‌తో కూర్చుంటే ఒక సాయంత్రం పని. బెథనీ ష్రైవర్ సంగతి మీకు తెలిసే ఉంటుంది. రియో తర్వాత బ్రిటన్‌లో మహిళల బీఎంఎక్స్‌కు నిధులు ఆగిపోతే, ఆమె స్కూల్లో పార్ట్‌టైమ్‌గా టీచింగ్ అసిస్టెంట్ పని చేశారు, జనం దగ్గర విరాళాలు సేకరించారు. టోక్యోలో స్వర్ణం గెలిచారు. విరాళానికి వడ్డీ ఉండదు, గమనించండి.

సిప్ సంగతి నిధి నిండాక చూద్దాం. మీ మీద ఆధారపడినవాళ్లు ఉంటే టర్మ్ పాలసీ (మీరు పోతే కుటుంబానికి డబ్బు వచ్చే జీవిత బీమా) తీసుకోండి, వృత్తి ఏమిటో దాచకుండా రాయండి.

లోన్ దరఖాస్తు ఇంకా పెట్టకపోతే పెట్టకండి. ఈ వారమే మీ ఆరోగ్య బీమా, ప్రయాణ బీమా పత్రాలు తీసి మినహాయింపుల పేజీ చదవండి. చాలా పాలసీల్లో రేసింగ్, ప్రొఫెషనల్ క్రీడలు అక్కడే ఉంటాయి. మీ పాలసీలోనూ ఉంటే, పోటీతో పాటు ప్రాక్టీసులో తగిలే గాయాలకూ వర్తించే కవర్ తీసుకోండి. ఆ మాట కంపెనీ నుంచి రాతపూర్వకంగా వచ్చాకే తర్వాతి రౌండుకు ఎంట్రీ ఫీజు కట్టండి.