చెన్నై ముసురులో కుక్కతో షికారు: మీ ప్రశ్నలు, మా జవాబులు

కార్తీక వనభోజనాలూ చెన్నై ముసురూ ఒకే కాలంలో వస్తాయి. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలామంది కుక్కకు చలి తగులుతుందేమోనని అడిగారు. మేం మాత్రం తడి గురించే ఎక్కువ చెబుతాం. ఇక్కడి వానాకాలంలో కుక్కల్ని మంచాన పడేసేది అదే.

ప్రశ్న: నలుగురు స్నేహితులం మూడు కుక్కలతో ఆదివారాలు ఊరి బయటికి వెళ్తుంటాం. ఒకటి ల్యాబ్రడార్, ఒకటి పగ్, ఒకటి నాటు కుక్క. జలుబు చేస్తుందని రెయిన్‌కోట్లు కొన్నాం. వేయగానే పగ్ విపరీతంగా రొప్పుతోంది. ఎందుకు?
– పాఠకురాలు, వేళచ్చేరి

జవాబు: చెన్నైలో డిసెంబరు రాత్రి కూడా ఉష్ణోగ్రత 20 డిగ్రీల కిందికి దిగడం అరుదు. ఆరోగ్యంగా ఉన్న పెద్ద కుక్కకు అది చలే కాదు. కుక్క ఒళ్లు చల్లబరుచుకునేది ప్రధానంగా రొప్పడం వల్ల. నాలుక మీది తడి ఆవిరైతేనే వేడి దిగుతుంది. ముసురు రోజున గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటుంది కాబట్టి ఆ తడి త్వరగా ఆవిరి కాదు. దానికి తోడు గాలి ఆడని ప్లాస్టిక్ కోటు! ముక్కు చప్పిడిగా ఉండే పగ్‌కు ఊపిరి తీసుకోవడమే కష్టం. నాలుక వెడల్పై బయటికి వేలాడినా, చిగుళ్లు ఇటుక రంగుకు తిరిగినా, చొంగ జిగటగా తీగలు సాగినా వెంటనే కోటు తీసేసి, పొట్ట మీద, తొడల లోపలి వైపు మామూలు నీళ్లు పోసి, విసురుతూ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

కోటు కావాలంటే వీపును మాత్రమే కప్పేది, లోపల జాలీ గుడ్డ ఉన్నది తీసుకోండి. మెడ మొదలు నుంచి తోక మొదలు దాకా పొడవు, ఛాతీ చుట్టుకొలత కొలిచి కొనండి. పట్టీ కింద రెండు వేళ్లు దూరాలి. వాన ఆగగానే విప్పేయాలి. నాటు కుక్కకు కోటు అక్కరే లేదు.

అసలు జాగ్రత్త ఇంటికొచ్చాకే మొదలవుతుంది. ల్యాబ్‌కు రెండు పొరల బొచ్చు. పైపొర గంటలో ఆరినట్టు కనిపిస్తుంది, లోపలి పొర రాత్రంతా తడిగానే ఉంటుంది. తెల్లారేసరికి చెవి కిందో తొడ మీదో ఎర్రగా చెమ్మగిల్లిన పుండు లేస్తుంది. అందుకే కుక్కకు కనీసం రెండు తువ్వాళ్లు పెట్టుకోండి. మొదటిదాంతో కాళ్లు, పొట్ట. రెండోదాంతో చంకలు, గజ్జలు, తోక మొదలు. గట్టిగా రుద్దితే బొచ్చు చిక్కుపడి తడి లోపలే నిలుస్తుంది. అదిమి పట్టి పిండినట్టు తీయాలి. తడిసిన మెడపట్టీ విప్పి ఆరబెట్టండి. చెవి లోపల కనిపించినంత మేరే పొడి దూదితో అద్దండి, ఇయర్ బడ్ పెట్టొద్దు. తర్వాత అరగంట ఫ్యాను కింద ఉంచండి. డ్రయ్యర్ వాడితే చల్లగాలి మీదే పెట్టండి.

ల్యాబ్ చెరువులో ఈది వచ్చిన మర్నాడు తోక చచ్చుబడినట్టు వేలాడితే చాలామంది విరిగిందనుకుని హడలిపోతారు. అది తోక కండరాలు పట్టేయడం. రెండు మూడు రోజుల విశ్రాంతితో మామూలుగా తగ్గిపోతుంది. నొప్పి ఎక్కువైతే డాక్టరుకు చూపించండి. మనుషుల నొప్పి మాత్రలు మాత్రం వేయకండి. ఐబుప్రొఫెన్ కుక్క మూత్రపిండాలను దెబ్బతీస్తుంది.

ప్రశ్న: మా వీధిలో వాన పడితే మోకాలి లోతు నీళ్లు. కారు దాకా కుక్కను ఆ నీళ్లలోనే నడిపించాలి. ఎలుక జ్వరం వస్తుందంటున్నారు, నిజమేనా? టీకా ఉందా?
– పాఠకుడు, పెరంబూరు

జవాబు: నిజమే. దాని పేరు లెప్టోస్పైరోసిస్. ఎలుకల మూత్రంలో ఉండే ఈ సూక్ష్మజీవి నిలవ నీటిలో, తడి మట్టిలో వారాల తరబడి బతుకుతుంది, ఎండితే చస్తుంది. కాలి వేళ్ల సందుల్లోని చిన్న గీరుడు, కళ్లు, నోరు దానికి చాలు. కుక్క నుంచి ఇంట్లోవాళ్లకూ రాగలదు కాబట్టి దీన్ని మిగతావాటికంటే పైన పెడుతున్నాం.

టీకా ఉంది. ముందు మీ కుక్క టీకా పుస్తకం తెరిచి చూడండి. ఏటా వేయించే కలగలుపు టీకాలన్నిటిలోనూ లెప్టో ఉండదు. అతికించిన స్టిక్కరు మీద చివర ‘ఎల్’ అక్షరం ఉందో లేదో చూసి, అనుమానముంటే డాక్టర్ని అడగండి. మొదటిసారి వేయిస్తే రెండు డోసులు, మధ్య 2 నుంచి 4 వారాల ఎడం, తర్వాత ఏటా ఒకటి. రెండో డోసు పడ్డాక రక్షణ ఏర్పడటానికి మరో రెండు వారాలు పడుతుంది. ఈశాన్య రుతుపవనాలు సాధారణంగా అక్టోబరు మూడో వారంలో వస్తాయి. అంటే మొదటి డోసు సెప్టెంబరు రెండో వారానికల్లా పడాలి. వానలు మొదలయ్యాక పరుగెత్తేవాళ్లే ఎక్కువ; ఆలస్యమైనా సరే వేయించండి, కానీ రక్షణ వచ్చేదాకా నిలవ నీళ్లలో దించకండి. టీకా అన్ని రకాల లెప్టోనూ ఆపదు, అందుకే టీకా పడిన కుక్క కాళ్లూ కడగాల్సిందే.

వీధి దాటాలంటే చిన్న కుక్కను ఎత్తుకోండి. పెద్దదైతే కారునే గట్టు దగ్గరికి తెచ్చుకోండి. రాగానే కాళ్లు, పొట్ట సబ్బుతో కడిగి వేళ్ల సందులు పొడిగా తుడవండి. నీళ్లలో నడిచిన రెండు మూడు వారాల్లోపు జ్వరం, తిండి మానడం, వాంతులు, లేవలేక మూలగడం, మూత్రం మరీ ఎక్కువో తక్కువో కావడం, కళ్లు పచ్చబడటం – వీటిలో ఏది కనిపించినా ఆ రోజే చూపించండి. నీళ్లలో నడిచిన సంగతి డాక్టరుకు మీరే చెప్పాలి. యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే రక్తం, మూత్రం పరీక్షకు ఇస్తే జబ్బు పట్టుబడుతుంది. ఆ రోజుల్లో కుక్క మూత్రం శుభ్రం చేసేటప్పుడు చేతి తొడుగులు తప్పవు. ఇంట్లో ఎవరికైనా జ్వరం వస్తే కుక్క జబ్బు గురించి మీ డాక్టరుకూ చెప్పండి.

ఇంకొక్క మాట. వీధి దీపాల స్తంభాలు, కరెంటు పిల్లర్ బాక్సుల చుట్టూ నిలిచిన నీళ్లలోకి కుక్కను పోనివ్వకండి. మనకు చెప్పులున్నాయి, దానికి లేవు. కాలెత్తడానికి అది వెతుక్కునేదీ స్తంభాన్నే. నీళ్లలో ఉండగా కెవ్వుమని పడిపోతే మీరు ఆ నీళ్లలో అడుగు పెట్టకండి. ముందు కరెంటు ఆపించాలి.

ప్రశ్న: పొద్దున్నే ఎలియట్స్ బీచ్‌కి అందరం కుక్కలతో వెళ్తాం. వాన రోజుల్లో బీచ్ మంచిదేనా?
– పాఠకుడు, తిరువాన్మియూరు

జవాబు: ఇసుక మంచిదే, సముద్రం కాదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా అలలు ఒడ్డును నిట్టనిలువుగా కోసేస్తాయి. అడుగు వేసిన చోటే లోతు ఉండొచ్చు. కుక్కను బంతి కోసం నీళ్లలోకి పంపకండి. సాగే లీష్ వద్దు, తడిస్తే దాని సన్నటి తాడు చేతిని కోస్తుంది. 2 మీటర్ల బద్దీ లీష్, ఛాతీ హార్నెస్ చాలు.

తుఫాను మర్నాడు ఒడ్డున ఏం పడి ఉంటాయో చూడండి: ఎర గుచ్చిన గాలాలు, తెగిన వలలు, ఉబ్బిన పఫర్ చేపలు. చచ్చిన పఫర్ చేపలో కూడా విషం ఉంటుంది, నోట కరిచిందంటే డాక్టరు దగ్గరికి పరుగే. గాలం మింగితే నోట్లోంచి వేలాడే దారాన్ని లాగొద్దు, లాగితే లోపల చీలుస్తుంది. దారం కోయకుండా అలాగే తీసుకెళ్లండి. మనుషులు పారేసిన మొక్కజొన్న బెండు కూడా అంతే ప్రమాదం. పేగులో ఇరుక్కుంటే ఆపరేషనే గతి. ఉప్పునీళ్లు తాగకుండా పావుగంటకోసారి మంచినీళ్లు పట్టండి. 20 కిలోల కుక్కకు రెండు గంటల షికారుకు ఒక లీటరు వెంట ఉంచుకోండి.

జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్లు ఇదే తీరంలో గుడ్లు పెడతాయి. విద్యార్థుల బృందాలు రాత్రంతా ఇసుకలో నడిచి ఆ గుడ్లను సేకరించి హేచరీలకు (గుడ్లను కాపాడి పొదిగించే చోట్లకు) చేరుస్తాయి. ఆ నెలల్లో చీకటివేళ కుక్కను తీసుకెళ్లకండి. తెల్లారాక వెళ్లినా లీష్ విప్పొద్దు. కుక్క ముక్కుకు ఆ గూడు పట్టుకోవడం క్షణం పని.

ప్రశ్న: రెడ్‌హిల్స్ దగ్గర తోటలో వనభోజనాలు. కుక్కలకు ఏం పెట్టొచ్చు?
– పాఠకురాలు, మాంబళం

జవాబు: విస్తట్లోది పెట్టకండి. ఉల్లి వేసిన గారెలు, కిస్మిస్ వేసిన పరమాన్నం, చాక్లెట్ – ఈ మూడూ విషమే. పచ్చిదైనా వండినదైనా ఉల్లి, కుక్క ఒంటి బరువులో కిలోకు 15 గ్రాములు దాటితే రక్తకణాలు పగులుతాయి. కొద్దికొద్దిగా రోజూ తిన్నా పోగవుతుంది. కిస్మిస్‌కు ‘ఇంత వరకు పరవాలేదు’ అన్న లెక్కే లేదు. తిన్న రెండు గంటల్లోపు డాక్టరు దగ్గరికి చేరితే వాంతి చేయించగలరు. మీరు ఉప్పునీళ్లు పోసి ప్రయత్నించకండి, అదే ప్రాణం మీదికి తెస్తుంది. ఇంటినుంచే సాదా పెరుగన్నం తీసుకెళ్లండి.

తోటలో బోదురుకప్పను కరిస్తే నోట నురగ కక్కుతుంది. తల కిందికి వంచి, తడిగుడ్డతో చిగుళ్లు, నాలుక బయటి వైపుకు తుడుస్తూ పది నిమిషాలు కడగండి. తూలినా వణికినా ఆసుపత్రికి. పాము కాటైతే కట్టు కట్టొద్దు, కోయొద్దు. నడిపించకుండా ఎత్తుకుని, విషానికి విరుగుడు మందు ఉందో లేదో దారిలోనే ఫోనులో కనుక్కుంటూ వెళ్లండి.

ఇంటికొచ్చాక బొచ్చుకు ఎదురు వేళ్లు పోనిచ్చి చెవుల లోపల, వేళ్ల సందుల్లో పిడుదులు వెతకండి. సన్నమూతి పట్కారుతో చర్మానికి ఆనించి పట్టి నిటారుగా లాగండి. కిరసనాయిలు పోయడం, కాల్చడం వద్దు.

ప్రశ్న: వానలకు ఉబ్బలమడుగు (తడ జలపాతం) నిండుగా ఉంటుంది కదా, కుక్కతో వెళ్లొచ్చా?
– పాఠకుడు, గుమ్మిడిపూండి

జవాబు: వద్దు. అది అడవి. కుక్క వాసన, అరుపు అక్కడి జంతువులకు బెడద. పైగా మీ నెత్తిన ఎండ కాస్తున్నా కొండ మీద కురిసిన వాన నిమిషాల్లో కిందికి దూకుతుంది.  వాతావరణ శాఖ ఆరెంజ్ హెచ్చరిక (భారీ వానకు సిద్ధంగా ఉండమనేది) ఇచ్చిన ఆదివారం ఇంట్లోనే ఉండి పాత తువ్వాలు మడతల్లో గుప్పెడు గింజల తిండి దాచి ఇవ్వండి. పావుగంట ముక్కుతో వెతికితే చాలు, మీ కుక్క అలిసి నిద్రపోతుంది.