వాయిదా పడిందని భయం వద్దు, చివరి అరగంట మళ్లీ చూడండి
స్పైడర్-వర్స్ యానిమేషన్ సినిమాల్లో రెండో భాగం కథ మర్చిపోయాననీ, వాయిదాల వల్ల మూడో భాగం 'బియాండ్ ద స్పైడర్-వర్స్' దెబ్బతింటుందేమోనని టెన్షన్‌గా ఉందనీ అన్నారు కదా. 2024 మార్చిలో రావాల్సిన సినిమా 2027 జూన్‌కు వెళ్లడం నాకూ బాధే. కానీ 2018 నాటి మొదటి భాగంలో మంచు అడవి సీన్ గుర్తు చేసుకోండి. అనుభవమున్న స్పైడర్-మ్యాన్ పీటర్‌ను సెకనుకు 24 బొమ్మలతో సాఫీగా ఊగించారు, ఇంకా నేర్చుకుంటున్న కుర్ర స్పైడర్-మ్యాన్ మైల్స్‌ను 12తోనే. కుర్రాడి తడబాటు కంటికే తెలిసిపోతుంది. అంత శ్రద్ధకు టైమ్ పడుతుంది మరి.

నా అసలు అనుమానం వేరు: వేర్వేరు లోకాల ఇంతమంది స్పైడర్-మ్యాన్‌ల మధ్య మైల్స్, వాళ్ల నాన్నల కథ నలిగిపోకూడదు.

తీరిక లేకపోతే రెండో భాగంలో చివరి అరగంట చూడండి, చాలు. మైల్స్ వేరే లోకంలో తేలడం, ప్రౌలర్ అనే విలన్ ముసుగు వెనక తన ముఖమే కనబడటం, స్నేహితురాలు గ్వెన్ జట్టు కట్టడం అన్నీ అందులోనే ఉన్నాయి.