ఆపరేషన్‌కి ముందు ఒక్క ఇంజెక్షన్ సరిపోతుందా? – సమాధానం

తమ్ముడూ, విజయనగరంలో నాన్నగారికి మెష్ (వల లాంటి అతుకు) వేసి హెర్నియా ఆపరేషన్ చేశారనీ, ముందు సెఫజోలిన్ అనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్ ఒక్కటి తప్ప ఇంటికి యాంటీబయాటిక్ రాయలేదనీ టెన్షన్ పడుతున్నావు. డాక్టరు మర్చిపోయారనుకోకు. ఇలాంటి ఆపరేషన్లకు ఇదే సరైన పద్ధతి.

అసలు కీలకం టైమింగే. కోత పెట్టే సమయానికే మందు రక్తంలోంచి చర్మం, కొవ్వు, కండరాల్లోకి చేరి, క్రిములను ఆపేంత మోతాదులో ఉండాలి. అందుకే సెఫజోలిన్‌ని కోతకు ముందు 60 నిమిషాల లోపు నరానికి ఇస్తారు. పెద్దవాళ్లకు మామూలుగా 2 గ్రాములు. 120 కిలోలు, ఆపైన ఉన్నవాళ్లకు 3 గ్రాములు, ఎందుకంటే కొవ్వులోకి రక్తం తక్కువ వెళ్తుంది, మందూ తక్కువే చేరుతుంది. ఆపరేషన్ 4 గంటలు దాటినా, రక్తం బాగా పోయినా మధ్యలో ఇంకో డోసు వేస్తారు. హెర్నియాకి సాధారణంగా అంతసేపు పట్టదు. క్రిములు చేరిన 3 గంటలకు మందు ఇస్తే ఇక లాభం లేదని 1961లోనే జాన్ బర్క్ అనే అమెరికన్ సర్జన్ గినీ పందుల మీద ప్రయోగాలతో చూపించారు.

ఆపరేషన్ అయ్యాక ముందుజాగ్రత్త పేరుతో యాంటీబయాటిక్ కొనసాగించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో చెప్పింది. పక్కింటాయనకి 5 రోజులు ఇచ్చారంటే, ఆయనకి అప్పటికే చీము పట్టి ఉండొచ్చు. అది చికిత్స, వేరే లెక్క. దయచేసి మెడికల్ షాపులో నువ్వే కొని వెయ్యకు.

నాన్నగారికి షుగర్ ఉంటే అదుపులో ఉంచండి. గాయం చుట్టూ ఎరుపు పెరిగినా, చీము కారినా, జ్వరం వచ్చినా వెంటనే ఆపరేషన్ చేసిన డాక్టరుకే చూపించు. మెష్ ఉంది కాబట్టి 3 నెలల వరకూ గమనిస్తూ ఉండు.