నవ్వించే ప్రేమకథల్లో నటించాలనుకునే అమ్మాయి: ఒక తల్లికి జవాబు

ప్రశ్న: మాది భీమవరం. నేను స్కూల్లో టీచరుగా పనిచేస్తున్నాను. మా అమ్మాయి బీటెక్ మూడో సంవత్సరం చదువుతోంది. సరదా ప్రేమకథా చిత్రాల్లో హీరోయిన్‌గా నటించడం తప్ప తనకు మరే పనీ వద్దని ఏడాదిగా చెబుతోంది. హైదరాబాదులో ఒక శిక్షణ సంస్థ వాళ్లు మూడు నెలల్లో నటన నేర్పి, అవకాశం కూడా ఇప్పిస్తామన్నారట. చదువు ఆపి వెళ్లిపోతానంటోంది. ఆమె తండ్రి మాట్లాడడం మానేశారు. ఆ రంగంలో నిజంగా ఒక దారి అంటూ ఉందా? ఉంటే దానికి మొదలెక్కడ?

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. దారి ఉంది. అయితే మీ అమ్మాయి ఊహించుకుంటున్న చోట అది మొదలు కాదు, ఆమె అనుకుంటున్నంత తొందరగా ముగిసిపోదు కూడా. ఈ రెండు విషయాలూ ఆమెకు ఇప్పుడే తెలిస్తే మీ ఇంట్లో జరుగుతున్న గొడవలో సగం తగ్గుతుందని నా నమ్మకం.

ముందుగా ఆమె ఎంచుకున్న తరహా గురించి చెప్పాలి. రొమాంటిక్ కామెడీ చూసేవాళ్లకు అతి తేలికగా కనిపిస్తుంది. పక్కింటి అమ్మాయి మాట్లాడినట్టే ఉంటుంది కాబట్టి, నాకూ మాట్లాడడం వచ్చు గనుక నేనూ చేయగలనని పిల్లలు అనుకుంటారు. కొంతకాలం క్రితం ఇదే కోరికతో నా దగ్గరకు వచ్చిన ఒక విద్యార్థినిని ‘నాకేం కోపం లేదు’ అన్న ఒక్క మాటను ఎదురుగా అబ్బాయి కూర్చున్నాడనుకొని చెప్పమన్నాను. మొదటిసారి కళ్లు పెద్దవి చేసి చెప్పింది, రెండోసారి గొంతు పెంచి చెప్పింది. రెండింటికీ నాకు నవ్వు రాలేదు, ఆమెకూ రాలేదు. మూడోసారి ఆ మాటకు ముందు ఎదుటివాడు ఏమన్నాడో ఊహించుకొని, అది పూర్తిగా వినమన్నాను. ఆమె ఒక క్షణం ఆగి, బల్ల మీది టీ కప్పును కొంచెం పక్కకు జరిపి, దాని వైపే చూస్తూ ఆ మాట అంది. గది బయట కూర్చున్న వాళ్లమ్మ పక్కున నవ్వారు. వినడంలోను, ఆగడంలోను ఉన్న ఆ నైపుణ్యం సాధనతో వస్తుంది. దానికి పట్టేది నెలలు కాదు, ఏళ్లు.

ఇక ఈ తరహాలో పేరు తెచ్చుకున్నవారు ఎలా వచ్చారో చూద్దాం. 2008లో వచ్చిన ‘అష్టా చమ్మా’ మన భాషలో ఈ తరహాకు మంచి ఉదాహరణ. ఆస్కార్ వైల్డ్ రాసిన ఒక రంగస్థల హాస్య నాటకం దానికి ఆధారం. ఆ చిత్రంతో హీరోగా పరిచయమైన నాని అప్పటికే బాపు గారి దగ్గర క్లాప్ కొట్టి, సహాయ దర్శకుడిగా పనిచేసి, రేడియోలో కార్యక్రమాలు నడిపిన మనిషి. ఆ చిత్రానికి ఉత్తమ నటిగా నంది పురస్కారం అందుకున్న స్వాతి, దానికి కొన్నేళ్ల ముందే మా టీవీలో ‘కలర్స్’ కార్యక్రమం ద్వారా తెలుగిళ్లకు పరిచయమై, ఆ పేరే ఇంటిపేరుగా నిలిచిపోయేంతగా కెమెరా ముందు మాట్లాడడం అలవాటు చేసుకున్న అమ్మాయి. 2016 నాటి ‘పెళ్ళిచూపులు’ నాయిక రీతూ వర్మ హైదరాబాదు అమ్మాయి, ఇంజినీరింగు చదివింది. ఆ చిత్ర దర్శకుడు తరుణ్ భాస్కర్ తీసిన ‘అనుకోకుండా’ అనే షార్ట్ ఫిల్మ్‌లో అంతకు ముందే నటించి ఉంది. ‘కలర్ ఫోటో’ చేసిన చాందినీ చౌదరి కూడా షార్ట్ ఫిల్ముల నుంచి వచ్చినామే. వైష్ణవీ చైతన్య యూట్యూబ్ సిరీస్‌ల ద్వారా, సాయిపల్లవి ఈటీవీ ‘ఢీ’ పోటీల ద్వారా ముందు జనం కంట్లో పడ్డారు.

ఈ పేర్లు చెప్పింది మీ అమ్మాయిని ఊరించడానికి కాదు. వీరంతా నాయికలు, నాయకులు కావడానికి ముందే ఏదో ఒక చోట చిన్న పనిని శ్రద్ధగా చేస్తూ కనిపించారు. అవకాశం వారిని వెతుక్కుంటూ వచ్చిందని మనకు అనిపిస్తుంది గానీ, వెతికేవాళ్లకు చూపించడానికి వారి దగ్గర అప్పటికే ఏదో ఒకటి ఉంది. మీ అమ్మాయి దగ్గర ప్రస్తుతం కోరిక ఉంది, చూపించడానికి పని లేదు. ఆ లోటు పూడ్చడానికి హైదరాబాదు వెళ్లనక్కరలేదు, చదువు ఆపనక్కరలేదు.

చదువు ఆపడం గురించి నేను గట్టిగానే చెబుతాను. ఈ దేశంలో నటన నేర్పే పేరున్న సంస్థలు పుణెలోని ఫిల్మ్ అండ్ టెలివిజన్ ఇన్‌స్టిట్యూట్, ఢిల్లీలోని నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా. పుణెలో నటనకు ఉన్నది డిగ్రీ తరువాతి కోర్సు. ఢిల్లీలో మూడేళ్ల కోర్సుకు డిగ్రీతో పాటు నాటకాల్లో పాల్గొన్న అనుభవం కూడా అడుగుతారు. హైదరాబాదు విశ్వవిద్యాలయంలో రంగస్థల కళల్లో పీజీ చేయాలన్నా డిగ్రీ చేతిలో ఉండాలి. అది ఏ సబ్జెక్టులో వచ్చిందన్నది ఇక్కడ పెద్ద అడ్డంకి కాదు. ఆమె బీటెక్ పూర్తి చేస్తే ఈ తలుపులన్నీ ఆమె తట్టవచ్చు. మూడో సంవత్సరంలో మానేస్తే వీటిలో ఒక్కటీ తెరుచుకోదు. నటన కోసం చదువు మానేస్తానంటున్న అమ్మాయి, నిజానికి నటనలోని మంచి చదువునే పోగొట్టుకుంటుందన్న మాట. ఈ సంగతి ఆమెకు మీరు కాకుండా, ఆ సంస్థల ప్రవేశ ప్రకటనలే చెప్పేలా చూడండి. వాటిని తన చేత్తోనే వెతికి చదవమనండి, ఎందుకంటే ప్రతి ఏడాదీ నిబంధనల్లో చిన్న చిన్న మార్పులు ఉంటాయి.

మూడు నెలల్లో అవకాశం ఇప్పిస్తామన్న సంస్థ విషయంలో నా అనుభవం చేదుగానే ఉంది. నాకు తెలిసిన ఒక కుటుంబం ఇలాంటి చోటే ఫీజు కట్టి, ఆపైన ఫోటో షూట్‌కని, పోర్ట్‌ఫోలియోకని, ‘కోఆర్డినేటర్’ను కలిపించడానికని విడతలుగా డబ్బు పోసింది. చివరికి ఆ అమ్మాయికి దక్కింది ఒక పెళ్లి సన్నివేశంలో వెనక వరుసలో నిలబడే పని. నటన నేర్పినందుకు ఫీజు తీసుకోవడం తప్పు కాదు. వేషం ఇస్తామని డబ్బు అడగడం మాత్రం నమ్మదగినవారు చేసే పని కాదు. నిజమైన నిర్మాణ సంస్థ నటికి డబ్బు ఇస్తుందే తప్ప నటి దగ్గర పుచ్చుకోదు. హైదరాబాదులో చేరాలనే అనుకుంటే ముందు ఆ సంస్థలో పాఠం చెప్పేదెవరో, వారు ఏ నాటకాలు, ఏ చిత్రాలు చేశారో, నిరుడు చదివి బయటికి వెళ్లినవాళ్లు ఇప్పుడు ఏం చేస్తున్నారో అడిగి, ఒక తరగతిలో కూర్చొని చూసి రండి. కూర్చోనివ్వకపోతే వెనక్కి వచ్చేయండి.

ఆడపిల్ల తల్లిగా మీరు రాయకుండా వదిలేసిన భయం ఒకటి నాకు అర్థమైంది. దాన్ని దాచుకోవలసిన పని లేదు. పని ప్రదేశంలో లైంగిక వేధింపులను అరికట్టే 2013 నాటి చట్టం సినిమా సెట్‌కూ వర్తిస్తుంది. మలయాళ పరిశ్రమలో మహిళల పరిస్థితిపై హేమ కమిటీ నివేదిక 2024లో బయటికి వచ్చాక ఈ విషయం దేశమంతా మాట్లాడుకుంది. చట్టం ఉన్నంత మాత్రాన ప్రమాదం లేదనను. ఆడిషన్ ఆఫీసులోనో స్టూడియోలోనో పగటిపూట జరగాలి. మొదటి పరిచయాలకు మీరో, ఇంట్లో మరొకరో వెంట వెళ్లాలి. పాత్ర ఏమిటో, సన్నివేశం ఏమిటో, పారితోషికం ఎంతో కాగితం మీద ఉండాలి. ‘వద్దు’ అన్నందుకు పోయే వేషం ఎప్పుడైనా పోవలసిన వేషమేనని ఆమెకు మీ నోటితో చెప్పండి. అమ్మ ముందుగా చెప్పి పంపిన మాట ఆ సమయంలో పిల్లకు ఎంత బలమిస్తుందో నేను చాలామందిలో చూశాను.

తెలుగమ్మాయిలకు తెలుగులో నాయికలుగా అవకాశాలు తక్కువన్న మాట మీరూ వినే ఉంటారు. అందులో నిజం ఉంది. మన చిత్రాల్లోనే కాదు, సీరియళ్లలోనూ కన్నడ, మలయాళ సీమల నుంచి వచ్చిన నటీమణులు ఎందరో ఉన్నారు. చాలాకాలం పాటు ముఖం ఒకరిది, గొంతు మరొకరిది అన్న పద్ధతి నడిచింది గనుక భాష రాకపోవడం అడ్డంకి కాలేదు. అయితే నవ్వించే ప్రేమకథకు ఈ పద్ధతి అంతగా నప్పదని నా అభిప్రాయం, ఎందుకంటే అందులో హాస్యమంతా మాట విరుపులోనే ఉంటుంది. నీలగిరుల నుంచి వచ్చిన సాయిపల్లవి 2017లో ‘ఫిదా’ కోసం తెలంగాణ యాస నేర్చుకొని తన గొంతుతోనే డబ్బింగ్ చెప్పుకుంది. బాన్సువాడ భానుమతిగా జనం ఆమెను అంతగా నమ్మడానికి ఆ గొంతే కారణం. పరాయి భాష నేర్చుకొని ఒకరు అంత చేయగలిగినప్పుడు, గోదావరి మాట ఉగ్గుపాలతో వచ్చిన మీ అమ్మాయి చేతిలో ఎంత సొత్తు ఉందో ఆలోచించండి. శిక్షణ పేరుతో ఆ యాసను ఎవరైనా పూర్తిగా చెరిపేయబోతే ఒప్పుకోవద్దనండి. ప్రామాణిక భాష కూడా నేర్చుకోవాలి, సొంత యాసనూ నిలుపుకోవాలి. రోజూ పావుగంట ఒక కథను బిగ్గరగా చదివి, ఫోన్‌లో రికార్డు చేసుకొని వినడం ఈ రోజే మొదలుపెట్టవచ్చు. డబ్బింగ్ థియేటర్‌లో పెదవుల కదలికకు, ఊపిరికి మాట సరిపోవాలి. ఆ పని చేతనైతే నటిగా వేషం లేని రోజుల్లోనూ అది అన్నం పెడుతుంది.

ఈ మాటకు సాక్ష్యంగా నేను నటి రోహిణి జీవితాన్ని తరచూ చెబుతుంటాను. అనకాపల్లిలో పుట్టి, బాలనటిగా మొదలై, నాయికగా చేసి, ఎందరో నాయికలకు డబ్బింగ్ చెప్పి, 1995 నాటి ‘స్త్రీ’ చిత్రానికి జాతీయ పురస్కారాల్లో ప్రత్యేక ప్రశంస అందుకున్నారు. తరువాత నందినీరెడ్డి దర్శకత్వంలో 2011లో వచ్చిన ‘అలా మొదలైంది’లో నాని తల్లిగా కనిపించి ఎంత హాయిగా నవ్వించారో మీరు చూసే ఉంటారు. అదే చిత్రంతో తెలుగులో అడుగుపెట్టి, అందులో పాటలు కూడా పాడిన నిత్యా మేనన్, తమిళంలో ‘తిరుచిట్రంబలం’ అనే సరదా ప్రేమకథకే జాతీయ ఉత్తమ నటి పురస్కారం గెలుచుకున్నారు. మగవారిలో చూస్తే, జంధ్యాల గారి ‘నాలుగు స్తంభాలాట’తో 1982లో నాయకుడైన నరేశ్, నలభై ఏళ్ల తరువాత 2023లో ‘సామజవరగమన’లో తండ్రి పాత్రతో మళ్లీ ఇంటిల్లిపాదినీ నవ్వించారు. ప్రేమకథలో నాయిక స్థానం సాధారణంగా ఇరవైల్లో, ముప్పైల తొలి ఏళ్లలో దొరికేది. ఆ పది పన్నెండేళ్లే తన వృత్తి మొత్తమని మీ అమ్మాయి అనుకుంటే నిరాశ తప్పదు. ఆ తరువాతి ముప్పై ఏళ్లకు కూడా పనికొచ్చే నటిని తనలో తయారు చేసుకోవాలి.

టెలివిజన్‌ను ఆమె చిన్నచూపు చూస్తోందని మీ ఉత్తరంలో ఒక వాక్యాన్ని బట్టి అనిపించింది. సీరియల్‌లో పాత్ర నిలిస్తే నెలనెలా పని ఉంటుంది, రోజు లెక్కన పారితోషికం వస్తుంది. ఒక్క రోజులో ఎన్నో సన్నివేశాలు తీస్తారు గనుక మాటలు వెంటనే పట్టే శక్తి పెరుగుతుంది. అక్కడి నటన కొంచెం హెచ్చు స్థాయిలో ఉంటుందన్నదీ నిజమే, ఆ అలవాటు సినిమాకు వచ్చినప్పుడు తగ్గించుకోవలసి వస్తుంది. ఓటీటీలు వచ్చాక ఈ రెండింటికీ మధ్య మరో దారి ఏర్పడింది. ‘నైంటీస్’ వెబ్ సిరీస్‌లో కనిపించిన మౌళి 2025లో ‘లిటిల్ హార్ట్స్’ అనే చిన్న ప్రేమ హాస్య చిత్రానికి నాయకుడయ్యాడు. అతనికీ మొదలు యూట్యూబే.

ఇక ఆమె ఇప్పుడు చేయవలసింది. డిగ్రీకి ఇంకా ఏడాదిన్నర ఉందనుకుందాం. కాలేజీలో నాటక బృందం ఉంటే చేరాలి, లేకపోతే నలుగురితో కలిసి తానే మొదలుపెట్టాలి. మీ చుట్టుపక్కల పరిషత్తు నాటకాలు, అంటే పోటీ నాటకాలు, ఆడే సమాజాలను అడిగితే అమ్మాయిలు దొరకక ఇబ్బంది పడుతున్నామనే అంటారు. సెలవుల్లో రెండు మూడు షార్ట్ ఫిల్ములు చేయాలి. వాటిలో ఒకదానికి నటించకుండా సహాయ దర్శకురాలిగానో, మాటల రచయిత్రిగానో పనిచేయాలి. సిద్ధూ జొన్నలగడ్డ ‘డీజే టిల్లు’ రచనలో స్వయంగా పాలుపంచుకోబట్టే ఆ పాత్ర అతని ఒంటికి అలా అతుక్కుంది. రాయడం తెలిసిన నటికి నవ్వు ఎక్కడ పుడుతుందో లోపలి నుంచి తెలుస్తుంది. డిగ్రీ అయ్యాక పైన చెప్పిన పుణె, ఢిల్లీ సంస్థల్లో, హైదరాబాదు విశ్వవిద్యాలయంలో ప్రవేశానికి ప్రయత్నించవచ్చు, లేదా రెండేళ్ల గడువు పెట్టుకొని, చిన్న ఉద్యోగమో డబ్బింగ్ పనో చేసుకుంటూ ఆడిషన్లకు తిరగవచ్చు. ఆ గడువు ఎంతో మీరు ముగ్గురూ కూర్చొని ముందే అనుకోండి.

ఆమె తండ్రి గురించి ఒక మాట. ఆయన కోపం వెనక ఉన్నది కూతురి భవిష్యత్తు మీద బెంగే. వాదనతో ఆ బెంగ తీరదు. ఆమె మొదటి నాటకం ఆడే రోజున మీరు పక్కన కూర్చొని ఆయన్ను చూడనివ్వండి. ఈలోగా పరీక్షలు కాగానే, ఒక పేజీ సంభాషణను మీ అమ్మాయి తన యాసలోనే చదివి, ఏ సంగీతమూ కలపకుండా రికార్డు చేసి నాకు పంపమనండి. విని, ఎక్కడ ఆగాలో, ఎక్కడ ఆగకూడదో గుర్తులు పెట్టి తిరిగి రాస్తాను.