మిషిగన్‌లో పాత క్రిస్‌క్రాఫ్ట్ చెక్క బోటు కొనేముందు

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: డెట్రాయిట్ దగ్గర నోవైలో ఉంటారు. ఊరికి దూరంగా ఒక రైతు కొట్టంలో 1953 నాటి 18 అడుగుల చెక్క మోటార్ బోటు, క్రిస్‌క్రాఫ్ట్ కంపెనీ రివియెరా మోడల్, కనిపించింది. ఏళ్ళ తరబడి నీళ్ళలో దిగలేదు. 4 వేల డాలర్లకు ఇస్తానంటున్నాడు. కార్ల పని కొంత వచ్చు గానీ చెక్కపని రాదు. శనివారం చూడ్డానికి వెళ్తున్నారు. ఆ ధర ఎక్కువా తక్కువా, కొనొచ్చా, ఇంట్లోనే బాగుచేసుకోవచ్చా?

కొనొచ్చు, ఇంట్లో చేసుకోవచ్చు కూడా. అయితే పడవ అడుగు చూసేదాకా మాట ఇవ్వకండి. నా దగ్గర 1948 నాటి 17 అడుగుల డీలక్స్ రనబౌట్ (వేగంగా పోయే చిన్న మోటార్ బోటు) ఉంది. అదీ ఇలాంటి కొట్టంలోనే దొరికింది. అడుగు మొత్తం విప్పి కొత్తగా వేశాను కాబట్టి ఆ భాగం గురించి కాస్త ఎక్కువే చెబుతాను, ఓపిక పట్టండి.

ఫోటోల్లో అందరూ చూసేది డెక్, క్రోమ్, స్టీరింగు. వాటికి మరమ్మతు ఉంది, మార్కెట్లో విడిభాగాలూ దొరుకుతాయి. డబ్బూ కాలమూ తినేది అడుగు. ఆ రోజుల్లో చాలా క్రిస్‌క్రాఫ్ట్ రనబౌట్లకు అడుగు రెండు పొరలుగా ఉండేది. లోపల సన్నటి పలకలు ఏటవాలుగా, బయట పలకలు పొడవునా, మధ్యలో జిగురు మందు పట్టించిన కాన్వాస్ గుడ్డ. కంపెనీ ఆ పడవల్ని డెబ్బై ఏళ్ళు ఉండాలని కట్టలేదు. ఆ కాన్వాస్ ఇప్పటికి ఎండి పొడి అయిపోయి ఉంటుంది. రెండు పొరల మధ్య చేరిన తడి బయటికి పోయే దారి ఉండదు, పలక లోపలి నుంచే మెత్తబడుతుంది. బయటి పెయింటు మాత్రం చక్కగా కనిపిస్తూ ఉంటుంది.

కాబట్టి పాత బట్టలు వేసుకెళ్ళి ట్రైలర్ కింద దూరండి. సన్నటి ఆర (చెప్పులు కుట్టేవాళ్ళు వాడే మొనదేలిన పనిముట్టు), మంచి టార్చి, పొడవాటి దారం చాలు. ఆర పిడితో పలకల మీద కొడుతూ పోండి. మంచి చెక్క గట్టిగా మోగుతుంది, కుళ్ళింది మొద్దుగా పలుకుతుంది. అనుమానం వచ్చిన చోట అమ్మేవాడి అనుమతి అడిగి మొనతో మెల్లగా నొక్కండి. ముఖ్యంగా అడుగూ పక్కగోడా కలిసే అంచు, వెనక పలక కింది భాగం, ముందు కొమ్ము కీల్‌తో (అడుగున వెన్నెముకలా పొడవునా ఉండే దూలంతో) కలిసే చోటు, పెట్రోలు ట్యాంకు కింద, ఇంజన్ కింద నూనె మడ్డి పేరుకున్న చోటు. డెక్ అంచుల కింద కూడా వేలు పెట్టి తడమండి. ఇక్కడి సరస్సుల్లో ఉన్నవి మంచినీళ్ళే కదా, పడవ బాగుంటుందిలే అనుకుంటారు చాలామంది. చెక్కను కుళ్ళబెట్టేది ఆ మంచినీళ్ళే, ముఖ్యంగా చిరిగిన టార్పాలిన్‌లోంచి కారిన వాననీళ్ళు. ఉప్పునీళ్ళు చెక్కను అంతగా కుళ్ళనివ్వవు, కానీ స్క్రూలను తింటాయి.

దారం దేనికంటే, కీల్ పొడవునా ఆ చివర నుంచి ఈ చివరకు బిగించి పట్టి చూడాలి. ట్రైలర్ మీద సరైన ఆధారం లేకుండా ఏళ్ళు పడి ఉన్న పడవ వంగిపోతుంది. ఆ వంపు ఉండగా కొత్త అడుగు వేస్తే వంపు శాశ్వతమైపోతుంది, స్పీడు అందుకున్నాక పడవ ముక్కు ఎగిరెగిరి పడుతుంది.

ఒకటి రెండు స్క్రూలు విప్పి చూపించమనండి. ఇత్తడి స్క్రూ అయితే లోపలి జింకు కరిగిపోయి గులాబీ రంగు తేలి ఉంటుంది, తిప్పితే పుటుక్కున విరుగుతుంది. అలా విరిగితే మిగతావీ అంతే అనుకోండి. సిలికాన్ బ్రాంజ్ (ఒక రకం కంచు) అయితే కొంత ఊరట.

పక్క పలకల మధ్య సందులు కనిపిస్తే కంగారు వద్దు, ఎండిన చెక్క కుంచించుకుపోవడం మామూలే. ఆ సందుల్లో ఎవరైనా గట్టి పుట్టీ పెట్టారేమో మాత్రం చూడండి. నా పడవకు అంతకుముందు బాగుచేసినవాళ్ళెవరో కారు బాడీకి వాడే ఫిల్లర్ నింపేశారు. పలకలు నీళ్ళు పీల్చి ఉబ్బినప్పుడు వాటికి జరగడానికి చోటు లేక, లోపల పక్కటెముకల్లా ఉండే రిబ్బులు పగిలాయి. మాది కాకినాడ వైపు. తాళ్ళరేవు దగ్గర చెక్క పడవల పలకల మధ్య పీచు కూరడం చిన్నప్పుడు చూశాను, ఇక్కడా అదే చేయాలనుకునేవాడిని. ఈ రనబౌట్ల పక్కగోడల కట్టడం వేరు. ప్రతి సందు వెనకా లోపలి నుంచి ఒక బద్ద ఉంటుంది, పలకల అంచుల్ని దానికే స్క్రూలతో బిగిస్తారు. కూరాల్సిందేమీ లేదు.

ఇక కాగితాలు. పడవ మీద హల్ నంబరు (ప్రతి పడవకూ కంపెనీ వేసిన విడి నంబరు) వెతకండి. 18 అడుగుల రివియెరాకు అది ఆర్-18 అని మొదలవుతుంది. చెక్క మీద ముద్రించి ఉంటుంది, కొన్నిసార్లు హ్యాచ్ మూతల లోపలి వైపు కూడా రాసి ఉంటుంది. ఆ నంబరుతో వర్జీనియాలో న్యూపోర్ట్ న్యూస్‌లోని మ్యారినర్స్ మ్యూజియంకు రాస్తే, మీ పడవ హల్ కార్డు కాపీ డబ్బు తీసుకుని పంపుతారు. కంపెనీ పాత రికార్డులు వాళ్ళ దగ్గరే ఉన్నాయి. ఏ ఇంజన్ పెట్టారు, దాని నంబరెంత, సీట్ల రంగేమిటి, ఏ డీలర్‌కు ఎప్పుడు పంపారు వంటివి ఆ కార్డు మీద ఉంటాయి. మీరు ఉన్న చోటి నుంచి అల్గొనాక్ ఎంతో దూరం లేదు. సెయింట్ క్లెయిర్ నది ఒడ్డున ఆ ఊళ్ళోనే క్రిస్ స్మిత్ ఈ కంపెనీ పెట్టాడు. పడవ కొన్నాక ఒకసారి వెళ్ళి రండి, సరదాగా ఉంటుంది.

టైటిల్ (పడవ ఎవరిదో చెప్పే పత్రం) గురించి కొందరు తప్పుగా చెబుతారు. 20 అడుగుల లోపు పడవకు టైటిల్ అక్కర్లేదని అమ్మేవాడు అనవచ్చు. మిషిగన్‌లో ఇంజన్ లోపల శాశ్వతంగా బిగించి ఉంటే పొడవుతో పని లేకుండా టైటిల్ కావాలి. తాతల నాటి పడవ, కాగితం ఎక్కడో పోయింది అంటే, డబ్బు ఇచ్చేముందే సెక్రటరీ ఆఫ్ స్టేట్ ఆఫీసులో (టైటిళ్ళు ఇచ్చే రాష్ట్ర ఆఫీసు) దానికి దారి ఏమిటో కనుక్కోండి. ట్రైలర్ కాగితాలు వేరే.

4 వేలు ఎక్కువా తక్కువా అన్నారు. అడుగు బాగుంటే చవక. మెత్తబడి ఉంటే, ఇంజన్, క్రోమ్ సామాను, ట్రైలర్ విడిగా ఎంత చేస్తాయో లెక్కేసి అంతే ఇవ్వండి. కొత్త అడుగు షాపులో వేయిస్తే పడవ ధరకు కొన్ని రెట్లు అవుతుంది. బాగుచేశాక అమ్మితే లాభం వస్తుందన్న ఆశ ఉంటే ఇప్పుడే వదిలేయండి. కూలి లెక్క కడితే ఈ పనిలో పెట్టింది తిరిగి రాదు. మా ఆవిడ ఆ మాట మొదట్లోనే అంది, నేను కాదనలేదు. ఆదివారాలు ఏదో ఒకటి చేయాలిగా!

ఇప్పుడు అడుగు వేయడం. కార్ల పని చేసినవారికి ఇది కష్టమేమీ కాదు, ఓపిక కావాలి. సూత్రం ఒకటే: ఆకారం చెడకూడదు. అన్నీ ఒకేసారి పీకి కుప్ప పోయకండి. ముందు పడవను సమంగా నిలబెట్టి, లోపల అడ్డంగా కర్రలు బిగించి, అప్పుడు తిరగేయండి. పాత పలకలు విరగకుండా ఊడదీసి దాచండి, కొత్తవి గీసుకోవడానికి అవే నమూనాలు. రిబ్బులు ఒకటి విడిచి ఒకటి మార్చుకుంటూ పోతే మిగిలినవి ఆకారాన్ని పట్టి ఉంచుతాయి.

పొరల మధ్య ఏం పెట్టాలన్న దాని మీద ఇక్కడి పాత పడవల వాళ్ళు రెండు వర్గాలు. ఒక వర్గం మళ్ళీ కాన్వాసే అంటుంది. ఇంకో వర్గం త్రీఎమ్ కంపెనీ 5200 అనే రబ్బరులాంటి సీలెంట్ పూసి బిగిస్తుంది. నేను 5200 వేశాను. పాత పద్ధతి అడుగును ప్రతి వసంతంలో నానబెట్టాలి. నీళ్ళలో దించగానే కారుతుంది, పలకలు ఉబ్బి సందులు మూసుకునేదాకా రెండు మూడు రోజులు పంపు నడుస్తూ ఉండాలి. సరస్సు ఒడ్డున ఇల్లుండి, పడవ వేసవంతా నీళ్ళలోనే ఉండేవాళ్ళకు అది సరిపోతుంది. మీలా నాలా వారాంతంలో ట్రైలర్ మీద తీసుకెళ్ళి సాయంత్రానికి తిరిగొచ్చేవాళ్ళకు కుదరదు. 5200 అడుగుకు నానబెట్టే పని లేదు. దాని ఇబ్బంది కూడా చెప్పాలి. ఒకసారి పట్టుకుందంటే చెక్క చీలుతుంది గానీ అది వదలదు. పూర్తిగా గట్టిపడటానికి వారం దాకా పడుతుంది. పూసేలోపే ప్రతి పలకనూ పొడిగా అమర్చి, రంధ్రాలు వేసి, స్క్రూలు పక్కన పెట్టుకుని ఉండాలి. సాయానికి ఒక మనిషి ఉండాలి. చేతికి గ్లౌజులు, పాత చొక్కా. చొక్కా మళ్ళీ వాడలేరు.

చెక్క విషయంలో మనవాళ్ళు మొదట అడిగేది టేకు వాడొచ్చా అని. వద్దు. బరువు, ఖరీదు, దానిలోని నూనె వల్ల జిగురు సరిగా పట్టదు. కంపెనీ వాడింది ఫిలిప్పీన్ మహాగని. ఇప్పుడు ఎక్కువమంది ఆఫ్రికన్ మహాగని వాడుతున్నారు. కీల్ వంటి బలమైన చోట్ల వైట్ ఓక్. చెక్క డిపోలో చవకగా కనిపించే రెడ్ ఓక్ ముట్టుకోకండి. దాని గొట్టాలు తెరిచి ఉంటాయి, చిన్న ముక్క ఒక కొసన నోరు పెట్టి ఊదితే రెండో కొసన సబ్బు నీళ్ళలో బుడగలు వస్తాయి. నీళ్ళూ అలాగే ఎక్కుతాయి. కుళ్ళిన చెక్కను పలచని ఎపాక్సీ జిగురుతో తడిపితే గట్టిపడుతుందని వీడియోల్లో చూపిస్తారు. కుళ్ళింది కోసి పారేయాల్సిందే, ఆ మందు మంచి చెక్కకే.

పాత పెయింటు గీకేటప్పుడు జాగ్రత్త. అడుగున లోపల వేసే ఎర్ర పెయింటులో సీసం ఉండేది. పొడిగా శాండింగ్ చేయకండి. తడిపి గీకండి, సరైన మాస్కు పెట్టుకోండి, ఆ బట్టలతో ఇంట్లోకి వెళ్ళకండి. పిల్లలుంటే గరాజ్ తలుపు మూసే ఉండాలి.

వార్నిష్ అందరికీ ఇష్టమైన భాగం. ముందు స్టెయిన్. రంగూ చెక్క రంధ్రాలు పూడ్చే పొడీ కలిసిన చిక్కటి పేస్టు అది. పూసి, ఆరబోతుండగా గోనెగుడ్డతో చెక్క గీతలకు అడ్డంగా తుడవాలి. రివియెరా డెక్‌లో కొంత భాగం బ్లీచ్ చేసిన లేత రంగు చెక్క. మొత్తం ఎర్రగా పూసేస్తే ఆ మోడల్ అందమే పోతుంది, పాత ఫోటోలు దగ్గర పెట్టుకుని చేయండి. ఆ పైన వార్నిష్ పది పన్నెండు పూతలు, ఒక్కో పూత మధ్య సన్నటి గరుకు కాగితంతో రుద్దడం. జూన్‌లో మాత్రం ఈ పని పెట్టుకోవద్దు. కాటన్‌వుడ్ చెట్ల దూది గాల్లో తేలుతూ వచ్చి తడి వార్నిష్ మీదే వాలుతుంది. సెప్టెంబరు నయం.

ఇంజన్ గురించి మీకు నేను చెప్పేదేముంది. అందులో ఎక్కువగా కనిపించేది ఆరు సిలిండర్ల ఫ్లాట్‌హెడ్ (వాల్వులు బ్లాకులోనే ఉండే పాత రకం), హెర్క్యులిస్ బ్లాకు మీద క్రిస్‌క్రాఫ్ట్ తయారుచేసినది, కె మోడల్ అయితే 95 హార్స్‌పవర్. రేడియేటర్ ఉండదు, సరస్సు నీళ్ళే లోపల తిరుగుతాయి. చలికాలానికి ముందు ఆ నీళ్ళు తీయకపోతే గడ్డకట్టి బ్లాకు పగులుతుంది. ఇక్కడ ఈ ఇంజన్లు చచ్చేది ఎక్కువగా అలాగే. బ్లాకు పక్కల సన్నటి గీతలు, వెల్డింగు మచ్చలు వెతకండి. ఆయిలు పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటే అందులో నీళ్ళు కలిసినట్టే, బేరం అక్కడే ఆపండి.

మీ కార్ల అనుభవం మీకే అడ్డొచ్చే చోటు ఒకటుంది. కారు స్టార్టర్, ఆల్టర్నేటర్, కార్బురేటర్ చవకగా దొరుకుతాయి, చక్కగా సరిపోతాయి కూడా. పెట్టకండి. కారులో పెట్రోలు ఆవిరి కిందికి జారి రోడ్డు మీద పోతుంది. పడవలో అది అడుగున పేరుకుంటుంది, ఒక్క నిప్పురవ్వ చాలు. మెరైన్ భాగాలను ఆ రవ్వ బయటికి రాకుండా తయారుచేస్తారు. కార్బురేటర్ మీద మంటను ఆపే ఫ్లేమ్ అరెస్టర్ కావాలి, గాలి గొట్టాలు కావాలి. 1940 ఏప్రిల్ 25 తర్వాత కట్టిన పెట్రోలు పడవలకు ఇవి రెండూ కోస్ట్ గార్డ్ నిబంధనలే. పాత పడవకు బ్లోయర్ (ఆవిరిని బయటికి తోసే ఫ్యాను) తప్పనిసరి కాదంటారు, మీరు పెట్టుకోండి. స్టార్ట్ చేసేముందు హ్యాచ్ ఎత్తి వాసన చూసి, కనీసం నాలుగు నిమిషాలు బ్లోయర్ నడపండి. పాత రబ్బరు పెట్రోలు గొట్టాలు ఇప్పటి పెట్రోల్లో కలిపే ఇథనాల్‌కు తట్టుకోవు, అవన్నీ కొత్తవి వేయండి.

ఇన్సూరెన్స్ ముందే ఒప్పుకున్న విలువకు ఇచ్చేవాళ్ళ దగ్గర తీసుకోండి. ట్రావర్స్ సిటీలోని హ్యాగర్టీ కంపెనీ 1984లో మొదలైందే చెక్క పడవల ఇన్సూరెన్స్‌తో. సందేహాలకు యాంటిక్ అండ్ క్లాసిక్ బోట్ సొసైటీ మిషిగన్ శాఖలో చేరండి. ఆగస్టులో ఉత్తర మిషిగన్‌లోని హెసెల్‌లో జరిగే చెక్క పడవల షోకు వెళితే, మీ మోడల్ పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్న పెద్దాయన ఎవరో ఒకరు ఉంటారు. ఒక ప్రశ్న అడిగితే గంట చెబుతారు.

శనివారం చూడ్డానికి వెళ్తున్నానన్నారు కదా. రైతు ఉత్సాహంగా ఇంజన్ స్టార్ట్ చేసి చూపిస్తానంటే, నీళ్ళ గొట్టం తగిలించకుండా ఒప్పుకోకండి, పంపూ ఇంజనూ రెండూ పాడవుతాయి. హల్ నంబరు, అడుగు ఫోటోలు, వెనక పలక కింది అంచు ఫోటో ఇక్కడ పెట్టండి. 4 వేలలో ఎంత తగ్గించమనాలో అవి చూసి చెబుతాను.