దూరవిద్యలో పర్యావరణ శాస్త్రం పీజీ

ప్రశ్న: బీఎస్సీ కెమిస్ట్రీ చేసి పైడిభీమవరంలోని ఓ మందుల ఫ్యాక్టరీలో వ్యర్థజలాల శుద్ధి విభాగంలో పనిచేస్తున్నాను. ఉద్యోగం మానకుండా ఎమ్మెస్సీ పర్యావరణ శాస్త్రం చదవాలని ఉంది. ఇగ్నోకు (ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం) దరఖాస్తు ఎలా చేయాలి?
– ఒక పాఠకుడు, రణస్థలం

జవాబు: తప్పకుండా చదవండి. నీటి కాలుష్యాన్ని కొలవడానికి మీరు రోజూ చూసే బీఓడీ, సీఓడీల వెనకున్న శాస్త్రం మీకు చాలామంది కంటే త్వరగా ఒంటబడుతుంది.

ఇగ్నోలో ప్రవేశాలు జనవరి, జులై విడతల్లో ఉంటాయి. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. దానికి ముందు డిజీలాకర్ ద్వారా ఏబీసీ ఐడీ (చదువులో వచ్చే క్రెడిట్లు జమయ్యే ఖాతా సంఖ్య), దాంతో యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) పోర్టల్‌లో డెబ్ ఐడీ (దూరవిద్యలో చేరేవారికి ఇచ్చే సంఖ్య) తీసుకోవాలి. మనవాళ్లకు చిక్కొచ్చేది ఇక్కడే. పదో తరగతి సర్టిఫికెట్లో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది, ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది. పేరు, పుట్టినతేదీ కలవకపోతే దరఖాస్తు మధ్యలో ఆగిపోవచ్చు. ఆధార్ సవరణకు రోజులు పడుతుంది కాబట్టి ఆ పని ఇప్పుడే మొదలుపెట్టండి.

ఫొటో, సంతకం ఒక్కొక్కటి 100 కేబీ లోపు, సర్టిఫికెట్లు ఒక్కొక్కటి 200 కేబీ లోపు ఉండాలి. ఫోన్‌తో తీసిన ఫొటోలు ఇంతకంటే పెద్దవి; సైజు తగ్గించాక మార్కులు చదవగలిగేలా ఉన్నాయో లేదో పెద్దది చేసి చూసుకోండి. మసకగా ఉంటే వెనక్కి పంపుతారు.

ప్రాంతీయ కేంద్రంగా విశాఖపట్నం ఎంచుకోండి. అధ్యయన కేంద్రం ఎంచుకునేటప్పుడు ఈ కోర్సు అక్కడ ఉందా, ప్రాక్టికల్స్ ఎక్కడ జరుగుతాయి అని ముందే ఫోన్ చేసి అడగండి. ల్యాబ్‌కు స్వయంగా వెళ్లాలి, షిఫ్టు ఉందంటే కుదరదు. సెలవుల సంగతి మీ సూపర్‌వైజర్‌తో ఇప్పుడే మాట్లాడి ఉంచుకోండి. అసైన్‌మెంట్లు గడువులోగా ఇవ్వకపోతే పరీక్ష రాసినా ఫలితం పూర్తికాదు.

విలువ గురించి బెంగ వద్దు. యూజీసీ 2020 నిబంధనల ప్రకారం గుర్తింపున్న దూరవిద్య డిగ్రీ రెగ్యులర్ డిగ్రీతో సమానమే.